తాళపత్రానికి ఒక ఇల్లు కావాలి
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సాంస్కృతిక శాఖల మంత్రులకు బహిరంగ లేఖ



ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకు ఉత్తరం రాశాడు. దాని పేరు సుహృల్లేఖ. రాజుకు నడవడి గురించీ ధర్మం గురించీ స్నేహంగా చెప్పిన పద్యాల లేఖ అది. ఏడో శతాబ్దిలో మన దేశానికి వచ్చిన చైనా భిక్షువు ఇత్సింగ్, ఇక్కడ చదువు మొదలుపెట్టినవాళ్లు దాన్ని కంఠతా పడతారని రాసుకున్నాడు. అంతగా జనం నోళ్లలో నానిన లేఖకు సంస్కృత మూలం ఇప్పుడు లేదు. టిబెటన్ అనువాదం మిగిలింది, చైనీస్ అనువాదాలు మిగిలాయి. ఆ చైనీస్ పాఠాన్ని 13వ శతాబ్దిలో చెక్కిన పలకలు దక్షిణ కొరియాలోని గాయా కొండ మీద, హెయిన్సా అనే బౌద్ధ విహారంలో ఇవాళ్టికీ ఉన్నాయి. సిరా రాసి కాగితం అద్దితే ఇప్పుడైనా అచ్చు పడేంత బాగున్నాయి.

ఆ పలకలున్న ఇంటి గురించి మీ ఇద్దరికీ వివరంగా చెప్పాలని ఈ లేఖ రాస్తున్నాను. కారణం ఉంది. 2025 కేంద్ర బడ్జెట్‌లో ‘జ్ఞాన భారతం’ కార్యక్రమాన్ని ప్రకటించారు. కోటికి పైగా రాతప్రతులను వెతికి, నమోదు చేసి, సంరక్షించాలన్నది దాని లక్ష్యం. గొప్ప సంకల్పం, సందేహం లేదు. అయితే సంరక్షణ అనగానే మన దగ్గర ముందుగా వినిపించే మాట స్కానింగ్. ఎన్ని వేల ప్రతులు స్కాన్ చేశాం, ఎన్ని లక్షల పుటలు సర్వర్‌లోకి ఎక్కించాం అన్న లెక్కలే సమావేశాల్లో నడుస్తాయి. ఫొటో తీయించుకున్న ఆకు ఆ సాయంత్రం ఏ గదికి తిరిగి వెళ్తుంది, ఆ గదికి కిటికీ ఏ దిక్కున ఉంది, వానాకాలంలో దాని గోడ చెమ్మగిల్లుతుందా అని అడిగేవాళ్లు తక్కువ. నా బాధంతా ఆ గది గురించే.

గదిని పట్టించుకునే తెలివి కొరియావాళ్లకు ఊరికే రాలేదు. 1011లో ఖితాన్లు దండెత్తి వచ్చిన కాలంలో, బుద్ధవచనాన్ని చెక్కితే శత్రువు వెనుదిరుగుతాడన్న నమ్మకంతో కొర్యో రాజ్యం మొదటిసారి త్రిపిటకాన్ని చెక్కల మీదికి ఎక్కించడం మొదలుపెట్టింది. తరతరాలుగా పోగేసిన ఆ పలకలను బూయిన్సా విహారంలో దాచారు. 1232లో మంగోలులు వచ్చి తగలబెట్టారు. రాజూ కొలువూ గాంగ్‌హ్వా దీవిలో తలదాచుకున్నారు. దేశం శత్రువు గుర్రాల కింద నలుగుతుండగా, 1236లో మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టారు. 1251కి పూర్తయింది. 81,258 పలకలు, రెండు వైపులా చెక్కినవి. వైపుకు 23 వరసలు, వరసకు 14 అక్షరాలు. మొత్తం 5 కోట్ల 20 లక్షల అక్షరాలని లెక్క. ఒక్కో అక్షరం చెక్కి మూడుసార్లు మొక్కేవారని అక్కడ చెప్పుకుంటారు. కథే అయినా, పలకల మీది రాత చూస్తే అది ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. అంతమంది చెక్కినా ఒకే చేతిరాతలా ఉంటుంది.

పలక తయారీలోనే ఇంటి ఆలోచన మొదలైంది. ఎక్కువగా కొండ చెర్రీ కలప వాడారు. దాన్ని ఉప్పునీటిలో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, చెక్కిన తర్వాత పైన లక్క పూత వేశారు. పలక సుమారు 70 సెంటీమీటర్ల పొడవు, 24 సెంటీమీటర్ల వెడల్పు, మూడు నాలుగు కిలోల బరువు ఉంటుంది. దాని రెండు చివరలా పలక కంటే మందమైన చెక్క పట్టీలు తొడిగి, మూలలను లోహపు రేకుతో బిగించారు. అవి పలకను వంకర పోనివ్వవు. వాటి అసలు మేలు ఇంకొకటి ఉంది. పలకలను అరలో పక్కపక్కన నిలబెట్టినప్పుడు పట్టీకి పట్టీ ఆనుతుంది గానీ, చెక్కిన ముఖాలు ఒకదాన్నొకటి తాకవు. మధ్యలో సన్నని సందు మిగులుతుంది. ఆ సందులోంచి గాలి ఆడుతుంది. అంటే 80 వేల పైచిలుకు పలకల్లో ప్రతిదానికీ రెండు వైపులా గాలి తగిలే ఏర్పాటు గోడలు కట్టకముందే, వడ్రంగి బల్ల మీదే జరిగిపోయింది.

తీరానికి ఓడదొంగల బెడద ఉండేది. 1398లో ఆ పలకలను గాంగ్‌హ్వా నుంచి కదిలించి, లోతట్టున ఉన్న హెయిన్సాకు చేర్చారు. 802లో సిల్లా రాజుల కాలంలో వెలసిన విహారం అది. ఇప్పుడున్న మందిరాలు 15వ శతాబ్దివి, 1488 నాటి పునర్నిర్మాణం తర్వాత నిలిచిన రూపం. వీటిని జాంగ్యోంగ్ పాన్‌జన్ అంటారు. ముందు వైపు సుదరజాంగ్, వెనక వైపు బొప్‌బొజన్ అని రెండు పొడవాటి మందిరాలు, వాటి మధ్యనున్న ముంగిలికి అటూ ఇటూ రెండు చిన్న గదులు. పెద్దవి ఒక్కొక్కటి 60 మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్లకు కాస్త తక్కువ వెడల్పు. విహారంలో మిగతా గుడులకు రంగులు, లతలు, దేవతా మూర్తులు ఉన్నాయి. ఈ మందిరాలకు ఏ అలంకారమూ లేదు. స్తంభాలు, దూలాలు, పెంకు, చెక్క కమ్మీల కిటికీలు. అంతే.

కొండ వాలు మీద వీటిని ఎక్కడ పెట్టారో చూడండి. బుద్ధమందిరం కంటే పైన, విహారం మొత్తానికి వెనక, సముద్రమట్టానికి సుమారు 655 మీటర్ల ఎత్తున. ధర్మానికి బుద్ధుడి కంటే ఎత్తైన చోటు ఇచ్చారని భక్తులు చెప్పుకుంటారు. నాకు ఇక్కడ చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాసిన మాట గుర్తొస్తుంది. నాగార్జునుడి కోసం ఒక రాజు కొండను తొలిపించి ఐదంతస్తుల విహారం కట్టించాడనీ, అన్నిటికన్నా పై అంతస్తులో బుద్ధ ప్రతిమలతో పాటు గ్రంథాలను ఉంచారనీ ఆయన తన యాత్రా గ్రంథంలో రాశాడు. నేల చెమ్మకూ చెదలుకూ అందనంత దూరం అని నా ఊహ. ఆ విహారం ఏదో, ఎక్కడుందో పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. గ్రంథాలను పైన పెట్టాలన్న బుద్ధి మాత్రం మనవాళ్లకూ ఉండేదన్నమాట.

హెయిన్సా మందిరాలు నైరుతి వైపు చూస్తాయి. లోయలోంచి పైకి వచ్చే గాలి ముందు గోడను తాకుతుంది. ప్రతి గోడకూ కింద ఒక వరస, పైన ఒక వరస కిటికీలున్నాయి. పరిమాణాలు సమానం కావు. సుదరజాంగ్ ముందు గోడలో కింది కిటికీలు పైవాటికన్నా సుమారు నాలుగు రెట్లు పెద్దవి. వెనక గోడలో ఇది తిరగబడుతుంది, పై కిటికీలు పెద్దవి. వెనకున్న మందిరంలోనూ ఇదే పద్ధతి. కింది నుంచి లోపలికి దూరిన గాలి ఎదురుగా ఉన్న గోడలోంచి నేరుగా బయటకు పోలేదు. అరల మధ్య తిరిగి, పలకల సందుల్లోంచి పైకి లేచి, అవతలి పై కిటికీ వెతుక్కోవాలి. ఆ ప్రయాణంలో అది మందిరమంతా కలియతిరుగుతుంది. కిటికీలకు అద్దాలు లేవు, తలుపులు లేవు. నిలువు కమ్మీలు మాత్రమే. ఎండ లోపలికి వస్తుంది గానీ పలకల మీద నేరుగా పడదు.

నేల సంగతి మరీ ముచ్చటైనది. లోతుగా తవ్వి బొగ్గు, సున్నం, ఉప్పు, ఇసుక, బంకమట్టి వేసి దట్టించారు. వానలప్పుడు గాలిలో తేమ పెరిగితే ఆ నేల పీల్చుకుంటుంది. పొడి రోజుల్లో మెల్లగా విడిచిపెడుతుంది. లోపలి తేమ ఒక్కసారిగా పెరగదు, ఒక్కసారిగా పడిపోదు. చెక్కకైనా ఆకుకైనా ప్రాణాంతకమైనది ఈ హెచ్చుతగ్గులే. స్థిరంగా ఉన్న తేమకు వస్తువు అలవాటు పడుతుంది. రోజూ ఉబ్బి రోజూ ఎండితే పగులుతుంది.

1695 తర్వాత ఆ విహారం ఏడుసార్లు కాలింది. 1817 నాటి మంటల్లో ప్రధాన మందిరం కూడా బూడిదైంది. పలకల మందిరాలకు నిప్పు అంటలేదు. ఎత్తున, విడిగా, మధ్యలో గోడతో ఉండటం ఇందుకు తోడ్పడి ఉంటుంది. అదృష్టం కూడా కొంత ఉంది, కాదనను.

ఇప్పుడు మీరు శ్రద్ధగా వినాల్సిన భాగం. 1970లలో కొరియా ప్రభుత్వం ఈ పలకల కోసం అక్కడే ఒక ఆధునిక భవనం కట్టించింది. కాంక్రీటు గోడలు, వేడినీ తేమనూ అదుపు చేసే యంత్రాలు, ఆనాటికి దొరికిన మేలైన ఏర్పాట్లన్నీ పెట్టారు. మొత్తం పలకలను తరలించే ముందు కొన్నింటిని అందులో ఉంచి చూశారు. వాటికి బూజు పట్టింది. తరలింపు మానేశారు. ఆ భవనాన్ని భిక్షువుల ధ్యానానికి ఇచ్చేశారు. పలకలు 15వ శతాబ్ది ఇంట్లోనే ఉండిపోయాయి. ఖర్చు పెట్టాం కాబట్టి తరలించాల్సిందే అని ఎవరూ పట్టుబట్టకపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. 1995లో యునెస్కో ఆ మందిరాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పలకలకు 2007లో వేరుగా గుర్తింపు ఇచ్చింది. కట్టడానికి ఒక గౌరవం, అందులోని రాతకు ఒక గౌరవం.

మన దగ్గరికి వద్దాం. తాళపత్ర ప్రతులున్న గదుల్లో కూర్చుని చదివిన అనుభవం నాకుంది. ఒకచోట ఉదయం పదిన్నరకు ఏసీ వేస్తారు, సాయంత్రం ఐదింటికి కట్టేస్తారు. పగలంతా చల్లగా పొడిగా ఉన్న గది రాత్రికి ఉక్కపోత గుహ అవుతుంది. ఇనుప బీరువా తలుపు తీస్తే లోపలి వాసన చెబుతుంది, ఆకు ఏ బాధ పడుతోందో. సిబ్బందిని తప్పుపట్టను. కరెంటు బిల్లు వాళ్ల చేతిలో లేదు, ఆ భవనం వాళ్లు కట్టించింది కాదు. గుమాస్తాలు కూర్చోవడానికి కట్టిన గదుల్లో ఆకులను పెట్టాం, అంతే.

మనవాళ్లకు ఇల్లు తెలియదా అంటే, బాగా తెలుసు. తాటాకునో శ్రీతాళం ఆకునో ఉడకబెట్టి, నీడన ఆరబెట్టి, నునుపు చేసి, ఘంటంతో గీసి, మసి పూసి తుడిచేవారు. పైనా కిందా చెక్క పలకలు పెట్టి, రంధ్రంలోంచి దారం పోసి గట్టిగా బిగించేవారు. వస కొమ్ము, వేపాకు పక్కన పెట్టి ఎర్ర గుడ్డలో మూట కట్టేవారు. చాలా ఇళ్లలో ఆ మూట ఉండేది వంటింటి మీది అటకలో. పొయ్యి పొగకు రామబాణం పురుగు దరిచేరదు, పొయ్యి వేడికి వానాకాలపు చెమ్మ నిలవదు. సరస్వతీ పూజనాడు కిందికి దించి, దుమ్ము దులిపి, పసుపు రాసి, మళ్లీ పైకి చేర్చేవారు. ఏడాదికోసారి ప్రతి ఆకూ మనిషి చేతిలోకి వచ్చేది. గ్రంథం చివర లేఖకులు నీటి నుంచీ నూనె నుంచీ వదులు కట్టు నుంచీ నన్ను కాపాడమని పుస్తకమే వేడుకుంటున్నట్టు రాసేవారు కదా, ఆ వేడుకోలుకు జవాబుగా ఇల్లు మొత్తం పనిచేసేది. ఇప్పుడు వంటింట్లో పొగ లేదు, పెంకుటిల్లు లేదు, అటక లేదు. ఆ ప్రతులు మన ప్రభుత్వ గదులకు వచ్చి చేరాయి. వాటితో పాటు వచ్చి ఉండాల్సిన తెలివి రాలేదు.

హెయిన్సాను ఇక్కడ అచ్చంగా దించమని నేను అనను. అక్కడ చలికాలంలో మంచు కురుస్తుంది, మనకు మే నెలలో బండలు పేలతాయి. వాళ్లవి చెక్కలు, మనవి ఆకులు. ఆకుకు దుమ్మూ పురుగూ ఇంకా పెద్ద శత్రువులు కాబట్టి తెరిచిన కమ్మీల కిటికీ మనకు నేరుగా పనికిరాదు. మీ రెండు రాష్ట్రాలకు కూడా ఒకే నమూనా సరిపోదు. కృష్ణా, గోదావరి డెల్టాలో ఆకును చంపేది తేమ, బూజు. తెలంగాణ పీఠభూమి మీద ఎండల్లో ఆకు పెళుసెక్కి, తిప్పితే విరుగుతుంది. ఒకచోట గాలి ఆడాలి, ఇంకోచోట వేడి ఆగాలి. దళసరి గోడలకు గానుగ సున్నం, నేల కింద బొగ్గు పొర, లోతైన వసారా, గోడకు ఆనకుండా నడిగదిలో చెక్క అరలు, ఇలాంటివి మన మేస్త్రీలకు తెలిసిన పనులే. కరెంటు పోయిన రాత్రి కూడా ఆ ఇల్లు తన పని తాను చేసుకుపోవాలి. యంత్రాలు ఆ పైన అవసరమైనంత మేరకు చేరితే చాలు.

ఫొటో ఉంది కదా, ఆకు పోతే ఏం అనేవారికి హెయిన్సా చరిత్రలోనే జవాబుంది. రెండోసారి త్రిపిటకం చెక్కించినప్పుడు పాఠం సరిచూసే పని సుగి అనే భిక్షువుది. ఆయన చైనా సోంగ్ ప్రతిని, ఖితాన్ల ప్రతిని, కాలిపోయిన మొదటి కొర్యో ప్రతి అచ్చులను పక్కపక్కన పెట్టుకుని, తేడా ఉన్న ప్రతిచోటా ఏది ఎందుకు తీసుకున్నాడో 30 సంపుటాల్లో రాసిపెట్టాడు. ఖితాన్ ప్రతి తర్వాత దాదాపు అంతరించింది. అందులో ఏముండేదో చాలావరకు ఆయన రాతల వల్లే తెలుస్తోంది. 20వ శతాబ్దిలో జపాన్‌లో 1924 నుంచి 1934 వరకు అచ్చయిన తైషో త్రిపిటకానికి ఆధారం ఈ కొరియా పాఠమే. నకలు అవసరమే. మొదటి పలకలు కాలిపోయినా వాటి అచ్చులు మిగిలి ఉండటం వల్లే సుగి పని సాగింది. కానీ ఏ నకలు నమ్మదగినదో తేల్చడానికి మళ్లీ మళ్లీ వెళ్లి చూడగలిగిన మూలం ఒకటి ఉండాలి. పలకల మీది పాఠాన్ని 2000 నాటికి కంప్యూటర్లోకి ఎక్కించారు. ఆ తర్వాత పలకల మీద శ్రద్ధ తగ్గించలేదు.

మనకూ అలాంటి అవసరం పడింది. మానవల్లి రామకృష్ణకవి తంజావూరులో దొరికిన ప్రతి నుంచి నన్నెచోడుడి కుమారసంభవాన్ని 1909లో ప్రచురించినప్పుడు తెలుగు సాహిత్య చరిత్రే కదిలింది. అది నిజంగా పాత కావ్యమేనా అన్న వాదం పండితుల్లో చాలాకాలం నడిచింది. అలాంటి వాదం ఫొటోతో తేలదు. ఆకు వయసు, ఘంటం ఒత్తిన లోతు, అక్షరం మలుపు, ఒక పంక్తి మీద ఇంకో చెయ్యి దిద్దిన జాడ చూడాలి. మసి రాలిపోయిన ఆకును కెమెరా ముందు పెడితే ఖాళీ ఆకులా కనిపిస్తుంది. పక్క నుంచి దీపం పట్టి వంచి చూస్తే అక్షరాలు లేస్తాయి. ఖాళీ అని నమోదైన ఆకులు మన సర్వర్లలో ఎన్ని ఉన్నాయో అని నాకు భయం.

ఇంటితో పాటు మనిషి కావాలి. హెయిన్సాలో ఆ మందిరాల బాధ్యత ప్రత్యేకంగా ఒక భిక్షువుకు అప్పగిస్తారు. జపాన్ పాలకులు ఆ పలకలను ఇమ్మని కొరియాను ఏలిన చొసన్ రాజులను మళ్లీ మళ్లీ అడిగారు. అచ్చులు ఇచ్చి పంపారు గానీ పలకలు ఇవ్వలేదు. 1951లో కొరియా యుద్ధం నడుస్తుండగా, ఆ కొండల్లో దాక్కున్న గెరిల్లాల మీద బాంబులు వేయమని కొరియా వైమానిక దళానికి ఆదేశం వచ్చింది. విమానాలకు నాయకత్వం వహించిన కిమ్ యంగ్‌హ్వాన్ విహారం మీద బాంబు వేయడానికి ఒప్పుకోలేదు. ఆదేశం మీరినందుకు ఆయన సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. 2010లో, ఆయన పోయిన చాలా ఏళ్లకు, ప్రభుత్వం సాంస్కృతిక పురస్కారం ఇచ్చింది. మన రాతప్రతుల గదుల్లో లిపి చదవగలిగిన ఉద్యోగి రిటైరైతే ఆ కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీగా ఉండటం మీకు తెలియని సంగతి కాదు. నందినాగరి, గ్రంథ లిపి, పాత తెలుగు లిపి చదివే కుర్రవాళ్లను తయారుచేసి, వాళ్లకు జీతం వచ్చే పోస్టులు ఇవ్వండి. ఆకుకు నిమ్మగడ్డి నూనె రాయడం, పెళుసైన ఆకును విప్పడం వచ్చిన చెయ్యి ఒక్కటైనా ప్రతిచోటా ఉండాలి.

ఇక నేను కోరేది ఇది. వచ్చే బడ్జెట్లలో మీరిద్దరూ చెరో మందిరం కట్టించండి, ఒకటి కోస్తాలో, ఒకటి పీఠభూమి మీద. పెద్దది అక్కర్లేదు, రెండు మూడు వేల కట్టలు పట్టేంత చాలు. నమూనా గీయడానికి కాంట్రాక్టరును పిలిచే ముందు ఒక తాళపత్ర సంరక్షకుణ్ణి, ఒక వాతావరణ నిపుణుణ్ణి, సున్నం పని తెలిసిన ఒక మేస్త్రీని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. హెయిన్సాకు ఒక బృందాన్ని పంపండి. 2021 నుంచి ముందుగా నమోదు చేసుకున్నవాళ్లను ఆ మందిరాల లోపలికి అనుమతిస్తున్నారు. కిటికీలను కొలిచి, నేలను అడిగి తెలుసుకుని రమ్మనండి. కట్టడం పూర్తయ్యాక వెంటనే రిబ్బను కత్తిరించి ప్రతులు నింపేయకండి. రెండు వానాకాలాలు, రెండు ఎండాకాలాలు ఖాళీగా ఉంచి లోపలి వేడినీ తేమనూ రాత్రింబవళ్లు కొలిపించండి. రాత లేని పాత తాటాకులు కొన్ని అరల్లో పెట్టి, వాటికి బూజు పడుతుందో లేదో చూడండి. ఆ లెక్కలు తెలుగులో ప్రచురించండి. సరిపోతే ప్రతులు తరలించండి. సరిపోకపోతే, కొరియావాళ్లలా ఆ భవనాన్ని ఇంకో పనికి ఇచ్చేసి మళ్లీ గీయించండి.

భవదీయుడు,
రాతప్రతుల పాఠకుడొకడు